సభాద్వారమున అతిథి

దేవతార్చనమునందు షోడశోపచారములను ఆచరించువారు నిత్యమును ఒక విశేషమును చూచుచునే యుందురు గాని దానిని గూర్చి ఆలోచించుట అరుదు. మొదట ఆవాహనము. పిమ్మట ఆసనము. ఆ తరువాత పాదములకు జలము, హస్తములకు జలము, ఆచమనమునకు జలము. నైవేద్యము ఎంతో తరువాత గాని రాదు. ఈ వరుస ఎవరిని చూచి ఏర్పడినది? సర్వవ్యాపియగు భగవంతుడు ఎండలో నడచి వచ్చినవాడు కాడు. ఆయన పాదములకు ధూళి అంటదు, ఆయన కంఠము ఎండదు. ధూళి అంటిన పాదములు మానవునివి. దూరము నుండి వచ్చి, గడపయొద్ద నిలిచి, లోపలివారు తనను గుర్తింతురో గుర్తింపరో అని సందేహించువాడు మానవుడే. ఇంటికి వచ్చిన మనుష్యునకు ఏ మర్యాద అవసరమో దానినే భక్తులు దేవునకు సమర్పించినారు. తైత్తిరీయోపనిషత్తులోని శీక్షావల్లి యందు గురువు, చదువు ముగించి వెడలుచున్న శిష్యునితో, అతిథిని దేవునిగా తలంపుమని చెప్పును. దేవుని అతిథివలె పూజించుట, అతిథిని దేవునివలె ఆదరించుట అను ఈ రెండింటిలో ఏది ముందు పుట్టినదో పండితులు తేల్చుకొందురు గాక. రెండును ఒకే గడప యొద్ద జరుగు పనులు.

ఇంటికి వచ్చిన అతిథి విషయమున మనవారికి సందేహము లేదు. గ్లాసెడు మంచినీళ్లు ఇయ్యకుండ పంపు గృహిణి తెలుగునాట అరుదు. సందేహమంతయు సభకు వచ్చిన అతిథి విషయముననే.

వైద్యులు, ఇంజనీర్లు, న్యాయవాదులు, అధ్యాపకులు, శాస్త్రజ్ఞులు తమ తమ వృత్తులకు సంబంధించిన సదస్సులకై ఏటేట ఒక్కొక్క నగరమునకు చేరుచుందురు. మన దేశమున ఇట్టి సమావేశములలో పేరెన్నికగన్న భారత శాస్త్ర మహాసభ 1914 జనవరి 15వ తేదీ మొదలు 17 వరకు కలకత్తాలో, ఆసియాటిక్ సొసైటీ భవనమున, ఆశుతోష ముఖర్జీ అధ్యక్షతన మొదటిసారి జరిగెను. దానికి వచ్చినవారు 105 మంది. చదువబడిన పత్రములు 35. నూటయైదుగురు అనగా ఒక పెండ్లిలో ఒక బంతికి కూర్చుండువారు. వడ్డించువాడు ఒక్కొక్కరిని పేరుపెట్టి పిలువగలడు. అదే మహాసభ 104వ సమావేశము 2017 జనవరిలో తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమున జరిగినపుడు ప్రతినిధులు వేల సంఖ్యలో వచ్చినారు. వేలమందిని పేరుపెట్టి పిలుచుట ఒక్కనికి సాధ్యమా? కనుకనే ఆహ్వాన సంఘములు ఏర్పడినవి. జాబితాలు, వరుసలు, రసీదులు, మెడలో వ్రేలాడు బ్యాడ్జీలు ఏర్పడినవి. వీనిని నిందించి ప్రయోజనము లేదు. ఇవి లేనిచో అంతటి సభ ఒక పూటయైనను సాగదు.

అయినను ధర్మవిచారము చేయువారికి ఇచ్చట ఒక ప్రశ్న ఎదురగును. సదస్సుకు వచ్చిన ప్రతినిధి నిజముగా అతిథియేనా? కాడని వాదించువారు కలరు. అతిథి యనగా తిథి చెప్పక వచ్చువాడు. ప్రతినిధి అచ్చు వేసిన తేదీకి వచ్చును. అతిథి రిక్తహస్తముతో రావచ్చును. ప్రతినిధి ముందుగనే రుసుము చెల్లించినాడు. ఆ రుసుములో భోజనము కలదు, వసతి కలదు, సంచియు పుస్తకమును కలవు. చెల్లించిన దానికి సరిపడ ఇచ్చితిమి, ఇంక మాకు అతనితో ఋణమేమి అని వీరి ప్రశ్న.

ఈ వాదమును తేలికగా త్రోసివేయరాదు. దీనిలో సగము మాటకు మనుస్మృతియే సమాధానము చెప్పుచున్నది. మనువు ఇచ్చిన వ్యుత్పత్తి వేరు. ఎవని నివాసము నిత్యము కాదో వాడు అతిథి. ఈ లెక్కను చూచినచో తేదీ చెప్పి వచ్చెనా, చెప్పక వచ్చెనా అను ప్రసక్తియే లేదు. తనది కాని చోట, మూడు దినముల కొరకు, ఎవరును ఎరుగని జనము నడుమ నిలిచినవాడు అతిథియే. మిగిలిన సగము, అనగా రుసుము మాట, అంత సులభముగా తెగునది కాదు. అది కొంత సేపు ఆగవలెను.

ఒక యువకుని ఊహింతము. చిన్న పట్టణములోని కళాశాలలో రసాయనశాస్త్రము బోధించువాడు. నాలుగేండ్లు శ్రమించి ఒక పత్రము వ్రాసినాడు. పెద్దల సభలో దానిని చూపుటకు మొదటిసారిగా బయలుదేరినాడు. రాత్రియంతయు రైలులో కూర్చుండి వచ్చినాడు. తన పరిశోధన వివరములు వ్రాసిన పెద్ద కాగితమును చుట్టగా చుట్టి, వాన తగులకుండ గుడ్డ కప్పి, చంకలో పెట్టుకొన్నాడు. నమోదు బల్లయొద్ద వరుసలో నిలిచి తన వంతు రాగా పేరు చెప్పినాడు. బల్లవెనుకనున్న కార్యకర్త తల ఎత్తకయే రసీదు సంఖ్య అడిగెను. జాబితాను పైనుండి క్రిందికి చూచెను. “మీ పేరు లేదు. ప్రక్కన నిలువుడు” అనెను. ఆ కార్యకర్త దుష్టుడు కాడు. తెల్లవారుజామున లేచి వచ్చినవాడు, అప్పటికి ఏ రెండువందల మందినో చూచినవాడు. ఆ పేరు వేరొక జాబితాలో ఉన్నది, పావుగంటలో దొరకును. కాని ఆ పావుగంటసేపు ఆ యువకుడు తన కాగితపు చుట్టను వెనుకకు దాచుకొని, వచ్చుచున్న పెద్దలకు దారి ఇచ్చుచు, ఇచ్చటికి తాను రాదగినవాడేనా అని తనను తానే ప్రశ్నించుకొనును. అతనికి జరిగిన నష్టమును ఏ పద్దులో వ్రాయుదురు?

సభకు వచ్చినవారిని ఎదుర్కొనుట ఎట్టిదో తెలుసుకొనగోరువారు సభాపర్వమున రాజసూయ ఘట్టమును చూడవలెను. ధర్మరాజు ఆహ్వానమును వార్తాహరులకు మాత్రమే విడువలేదు. హస్తినాపురమునకు స్వయముగా నకులుని పంపెను. వచ్చిన రాజులకు కొలనులును వృక్షములును గల గృహములను విడుదులుగా ఏర్పరచెను. పిమ్మట పనులు పంచెను. భక్ష్యభోజ్యములు దుశ్శాసనునికి, బ్రాహ్మణులను ఎదుర్కొనుట అశ్వత్థామకు, రాజుల మర్యాద సంజయునికి, దక్షిణలు కృపాచార్యునికి, వ్యయము విదురునికి అప్పగించెను. ఏది జరిగినది, ఏది జరుగలేదు అని కనిపెట్టు భారము భీష్మద్రోణులది. నేటి ఆహ్వాన సంఘములలో అధ్యక్షుని మొదలు కోశాధికారి వరకు గల పదవులన్నియు అందు కనిపించును. రాజులు తెచ్చిన కానుకలను స్వీకరించు పని దుర్యోధనునికి వచ్చెను. శ్రీకృష్ణుడు బ్రాహ్మణుల పాదములు కడుగు పనికి పూనుకొనెను. భాగవతములో ఈ పంపకము కొంత వేరుగా నున్నది. అచ్చట వంటశాల భీమునిది, వడ్డన ద్రౌపదిది. అయినను పాదములు కడుగు పని మాత్రము అందును శ్రీకృష్ణునిదే.

ఇందు దుర్యోధనుని సంగతి ఆలోచింపదగినది. అతడు ద్వారముననే ఉన్నాడు. వచ్చిన ప్రతివానిని చూచినాడు. తన పనిలో లోపము చేసినట్లు భారతము చెప్పదు. కానుకలు అందుకొని అందుకొని చేతులు అలసిపోయినవని అతడే తరువాత తండ్రితో చెప్పుకొనెను. కాని అన్ని వేల మందిని ఎదుర్కొని అతడు చూచినది వారు తెచ్చిన ధనమునే. ఏ రాజు ఎన్ని గుఱ్ఱములు తెచ్చెను, ఏ రత్నములు తెచ్చెను అని వర్ణించి చెప్పెనే గాని వచ్చినవారిలో ఎవరు అలసియుండిరో, ఎవరు సంకోచించిరో అతని మాటలలో ఎక్కడను లేదు. అదే మండపమున శ్రీకృష్ణుడు వంగి పాదములను చూచుచుండెను. పాదము అబద్ధమాడదు. ఎంత దూరము నడచెనో, చెప్పులు ఉన్నవో లేవో అది చెప్పివేయును. రసీదును చూచు కన్నును, ముఖమును చూచు కన్నును ఒకే బల్లయొద్ద ఉండవచ్చును.

ఆ దుర్యోధనుడే కొన్ని దినములకు అతిథి స్థానమునకు వచ్చెను. మయుడు నిర్మించిన సభలో స్ఫటికమును జలమనుకొని వస్త్రము ఎత్తిపట్టెను, జలమును స్ఫటికమనుకొని పడిపోయెను. ఇది ఎరుగని తెలుగువారు లేరు. నాటకములలో ఈ ఘట్టమునకు ప్రేక్షకులు నేటికిని నవ్వుదురు. అయితే భారతమును నిదానముగా చదువువారికి ఒక చిన్న విషయము కనబడును. ధర్మరాజు ఆజ్ఞచే దుర్యోధనునికి వెంటనే పొడివస్త్రములు ఇయ్యబడెను. సత్కారమున లోపమేమియు లేదు. కాని అంతకుముందే భీముడు నవ్వెను, సేవకులును నవ్విరి. వస్త్రములు మరచిపోబడినవి, నవ్వు మిగిలెను. హస్తినకు మరలిన పిమ్మట దుర్యోధనుడు తండ్రియెదుట ఏకరువు పెట్టినది ఆ నవ్వునే. ఆ తరువాతి కథ జూదముతో మొదలగును. దుర్యోధనుని అసూయ ముందే ఉన్నదనుట నిజమే. అయినను అంత విచిత్రమగు భవనము కట్టినవారు, క్రొత్తవాడు వచ్చినపుడు, ఇది నీరు, ఇది నేల అని చెప్పుటకు ఒక మనుష్యుని వెంట పంపియుండరాదా? అద్దపు తలుపుల భవనములలో, ఏ మెట్లు ఏ అంతస్తునకు పోవునో తెలియక తిరుగాడు ప్రతినిధులను చూచినవారికి ఈ ప్రశ్న అతిశయోక్తిగా తోచదు.

సదస్సులలో తరచుగా కనబడు మరియొక దృశ్యము కలదు. ఉదయము తొమ్మిది గంటల వరకు ద్వారమున పదిమంది కార్యకర్తలు ఉందురు. ప్రారంభోత్సవమునకు ముఖ్య అతిథి కారు దిగగానే ఆ పదిమందియు ఆయన వెంట లోపలికి పోవుదురు. పూలదండ వేయువారి ప్రక్కన నిలువవలెనను కోరిక మానవసహజము. కాని ఆలస్యముగా వచ్చిన రైలు దిగి ఆటోలో వచ్చు నలుగురు ప్రతినిధులు, ఆ సమయముననే, ఎవరును లేని ద్వారమునకు చేరుదురు. లోపల నుండి చప్పట్లు వినబడుచుండును.

గోదావరీ తీరమున లంకల గన్నవరములో అన్నపూర్ణయని పేరొందిన డొక్కా సీతమ్మగారి (1841-1909) గూర్చి జనులు చెప్పుకొను కథ ఇచ్చట స్మరణీయము. ఏటిపాయలు దాటి వేళకాని వేళ వచ్చు బాటసారులకు అన్నము పెట్టుటయే ఆమె జీవితము. ఇల్లు విడిచి వెళ్లుట ఎరుగదు. ఒకమారు అంతర్వేది నరసింహస్వామిని దర్శింపగోరి బయలుదేరెను. దారిలో విశ్రమించినపుడు, అటుగా పోవుచున్న ఒక కుటుంబమువారు, ఆకలి అని ఏడ్చు తమ పిల్లలను, ఇంకొంచెము దూరము నడచిన సీతమ్మగారి ఇల్లు వచ్చును, అచ్చట అన్నము దొరకునని ఓదార్చుచుండిరట. ఆ మాట ఆమె చెవిని బడెను. వారికంటె ముందు ఇల్లు చేరవలెనని ఆమె వెనుకకు మరలెను. స్వామి దర్శనము ఆగిపోయినది. ద్వారమును విడిచి ముఖ్య అతిథి వెంట పోవుటకును, ముఖ్యాతి ముఖ్యుడైన స్వామినే విడిచి ద్వారమునకు మరలుటకును గల దూరము ఎంతయో పాఠకులు కొలుచుకొనవచ్చును.

ద్వారమున నిలిచినవాని పని చిన్నదని తలచుట వలననే దానిని అనుభవము లేనివారికి అప్పగింతురు. అరణ్యపర్వములోని అష్టావక్రుని కథ ఈ విషయమున కనులు తెరపించును. జనకుని యాగమునకు పండితులు వచ్చుచుండిరి. వందియను తార్కికుడు ఆ సభలో తనతో వాదించి ఓడినవారిని నీట ముంచుచుండెను. అష్టావక్రుని తండ్రి కహోడుడు అట్లే మునిగెను. పండ్రెండవ ఏట ఆ సంగతి తెలిసి, ఎనిమిది వంకరల దేహముతో ఆ బాలుడు మేనమామ శ్వేతకేతువును వెంటబెట్టుకొని యాగశాల ద్వారమునకు వచ్చెను. ద్వారపాలకుడు అడ్డగించెను. బాలురకు ప్రవేశము లేదు, వృద్ధులైన విద్వాంసులకే కలదు, ఇది వంది ఆజ్ఞ అని చెప్పెను. నియమము స్పష్టముగ నున్నది. అతడు దానిని తానుగా కల్పించినవాడు కాడు.

కాని ఆ ద్వారపాలకుడు ఆ బాలుని తరిమివేయలేదు. అతనితో మాటలాడెను. తల నెరసినంత మాత్రమున పెద్దరికము రాదని బాలుడు చెప్పగా వినెను, మారు ప్రశ్నలు వేసెను, మరల వినెను. తుదకు, ఏదేని ఉపాయముతో లోపలికి పంపుటకు యత్నింతుననెను. బాలుడు జనకుని ఎదుట నిలిచెను, ఆయన ప్రశ్నలకు ఉత్తరము చెప్పెను, వందిని జయించెను. మునిగినవారందరు వరుణుని యాగమునుండి తిరిగి వచ్చిరి. కహోడుడును వచ్చెను. ఆ ద్వారపాలకుని పేరును వ్యాసుడు చెప్పలేదు. కాని అతడు ఆ పూట చెవి ఒగ్గకుండిన, ప్రక్కన నిలువుమని మాత్రము చెప్పి ఊరకుండిన, ఎందరి ప్రాణములు నీటి అడుగున ఉండిపోయెడివో! బాలుని వంకర దేహమును చూచి సభలోని పండితులు నవ్వినారను కథ జనశ్రుతిలో మిక్కిలి ప్రసిద్ధము. భారతములోని ద్వారపాలకుడు మాత్రము నవ్వలేదు. నియమమును నియమముగా చెప్పి, మనుష్యుని మనుష్యునిగా వినెను. ఏ సదస్సులోనైనను బల్లవెనుక కూర్చుండువానికి ఇంతకంటె కావలసినది లేదు.

ఇప్పుడు రుసుము మాటకు రావచ్చును. ప్రతినిధి చెల్లించిన ధనమునకు బదులుగా భోజనము, మంచము, ఆసనము ఇయ్యవచ్చును. వీనికి ధర కలదు కనుక ఋణము తీరును. అయితే ఆ యువకుడు రాత్రియంతయు కూర్చుండి వచ్చినది భోజనము కొరకా? అతని ఇంట అంతకంటె రుచిగల భోజనము ఉన్నది. అతడు తెచ్చినదొకటి ఉన్నది. దానిని ఎవరైనను చూతురని వచ్చినాడు. పెండ్లికి వచ్చు అతిథికిని సదస్సుకు వచ్చు అతిథికిని గల భేదమంతయు ఇదియే. పెండ్లికి వచ్చినవాడు వేడుక చూచి పోవును. సదస్సుకు వచ్చినవాడు తన చేతిలోనిది ఇచ్చిపోవలెనని వచ్చును. పుచ్చుకొనువారు లేనిచో, పంచభక్ష్యములు పెట్టినను అతడు రిక్తముగనే మరలును. దీనికి ఏ రుసుములోను ధర కట్టబడలేదు. ధర లేనిచోట ఋణము తీరదు. అందువలన రుసుము చెల్లించినవాడు అతిథి కాడను వాదము నిలువదు. చెల్లించిన దాని మేరకు అతడు అతిథి కాకపోవచ్చును. చెల్లింపరాని దాని మేరకు అతిథియే.

ద్వారకకు వచ్చిన కుచేలుని ఎదుర్కొన్న తీరులో ఇది సంపూర్ణముగ కనబడును. చినిగిన వస్త్రముతో వచ్చిన ఆ బాల్యమిత్రుని శ్రీకృష్ణుడు దూరమునుండి చూచి శయ్యనుండి లేచి ఎదురేగెను, కౌగిలించుకొనెను, శయ్యపై కూర్చుండబెట్టెను, పాదములు కడిగి ఆ జలమును శిరమున జల్లుకొనెను. రుక్మిణి వింజామర వీచెను. అంతఃపురములోని వారందరు, ఈ దరిద్రుడెవడు, ఇంత మర్యాదయేల అని ఆశ్చర్యపడిరి. అతిథికి ఆ చూపులు తెలియక ఉండవు. అప్పుడు శ్రీకృష్ణుడు ఏమి పనిమీద వచ్చితివని అడుగలేదు. సాందీపనిగారి ఆశ్రమమున తాముభయులు కట్టెలకై అడవికి పోయి, గాలివానలో చిక్కి, రాత్రియంతయు చేయిచేయి పట్టుకొని తిరిగిన సంగతి ఎత్తెను. క్షణములో కుచేలుడు ఆ మందిరమున పరాయివాడు కాకపోయెను. గురువొకడే, అడవి యొకటే, తడిసిన వాన యొకటే. ఒకే విద్యను అభ్యసించినవారు కూడు సదస్సులో క్రొత్తవానితో మాట మొదలుపెట్టుటకు ఇంతకంటె మంచి మార్గము ఏది? మీరు ఏ పదవిలో ఉన్నారు అని అడిగిన అతడు ముడుచుకొనును. ఎవరియొద్ద చదివితిరి, ఏ పని చేయుచున్నారు అని అడిగిన విచ్చుకొనును.

ఆ తరువాతిది మరింత ముఖ్యము. కుచేలుని భార్య ఇరుగుపొరుగు వారిని అడిగి తెచ్చి, గుడ్డపేలికలో కట్టి ఇచ్చిన అటుకులు నాలుగు పిడికెళ్లు అతని చేతిలో ఉన్నవి. ఆ వైభవమును చూచి అతడు సిగ్గుపడి, తల వంచుకొని, వానిని ఇయ్యక దాచుకొనెను. నాకేమి తెచ్చితివని శ్రీకృష్ణుడే అడిగెను. అడిగి ఊరకుండలేదు. దాచినదానిని తానే లాగికొని, మూట విప్పి, ఒక పిడికెడు నోట వేసికొనెను. దాతకు లోపమేమియు లేదు. అయినను అతిథి చేతిలోనిది అడిగి పుచ్చుకొనెను.

నమోదు బల్లకు ఇవతల, కాగితపు చుట్టను వెనుకకు దాచుకొని నిలిచిన యువకునకు ఆ పావుగంటలో పేరు దొరకినది, బ్యాడ్జీ వచ్చినది, సంచి ఇచ్చినారు. ఇక ఆ చుట్టను విప్పుమని అడుగువాడొకడు కావలెను. అది ఆహ్వాన సంఘము వారే కానక్కరలేదు. ఆ విద్యలో తల పండిన పెద్ద ఎవరైనను కావచ్చును. మధ్యాహ్న భోజనానంతరము, ఎవరును నిలువని నడవలో, గోడకు తగిలించిన ఆ కాగితము ముందు ఐదు నిమిషములు నిలిచి, ఈ అంకె ఎట్లు వచ్చినది అని ఒక్క ప్రశ్న వేసినను చాలును.

కుచేలుడు మరునాటి ఉదయము ద్వారక విడిచెను. ధనము కావలెనని వచ్చినవాడు నోరు తెరచి అడుగలేదు. శ్రీకృష్ణుడును చేతికి ఏమియు ఇయ్యలేదు. తన ఊరిలో గుడిసె స్థానమున మేడ వెలసినదని అప్పటికి అతనికి తెలియదు. అయినను దారి పొడుగునను అతడు విచారింపలేదు. లక్ష్మి నివసించు వక్షమునకు తన వంటివానిని హత్తుకొన్న సంగతియు, రుక్మిణి వింజామర వీచిన సంగతియు మరల మరల తలచుకొనుచు, సంతోషముతో నడచుచు పోయెను.